చిట్టిగుండు మీద తలుపు

సేనాపతి అక్కిరాజుకు కంటిమీద కునుకు లేకుండా పోయింది.

పొన్నవాక, ఎర్రమెట్ట, నీలిమడుగు. ఆ మూడు గ్రహాల రక్షణ భారమూ ఆయన నెత్తినే ఉంది. వాటి చుట్టూ ఈగ కూడా దూరలేని కోట కట్టాలి. ఎలా కడతావో వచ్చి చెప్పమని మహాసభ నుంచి పిలుపు వచ్చింది. సభ మర్నాడే.

తోకచుక్కల వాళ్ళు దగ్గరికొస్తున్నారు. వాళ్ళకు ఊరూ లేదు, నేలా లేదు. గొర్రెల్ని తోలినట్టు తోకచుక్కల్ని తోలుకుంటూ, ఆ మంచు కరిగించుకుని తాగుతూ, ఓడల్లోనే పుట్టి ఓడల్లోనే పోయే మనుషులు. తోకచుక్కను తోలగలిగినవాడు దాన్ని ఎవరి నెత్తిమీదికైనా తోలగలడు కదా! అదీ మనవాళ్ళ భయం. పైగా వాళ్ళ ఓడలు ఎన్నడూ లేనిది గుంపుగా చేరాయి.

దిక్కు తోచక అక్కిరాజు తన గురువుగారి దగ్గరికి బయల్దేరాడు. తీసుకెళ్ళింది ఎవరనుకున్నారు? నేనే. పిచికల నూకరాజుని.

ఆ రోజుల్లో మూడు గ్రహాల మధ్య నన్ను మించిన ఓడ సరంగు లేడు. ఉల్కల వానలో ఒక చేత్తో చుక్కాని, ఇంకో చేత్తో ఉప్మా ప్లేటు పట్టుకుని ఓడ నడిపినవాణ్ణి. ఉప్మాలో జీడిపప్పు కూడా కదల్లేదు. నమ్మకపోతే ఎర్రమెట్ట రేవులో అడగండి. అక్కడ నమ్మనివాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉంటారు, అది వేరే సంగతి.

గురువుగారి పేరు ఏకాంతమ్మ. పొన్నవాక చుట్టూ తిరిగే చిట్టిగుండు అనే ఉపగ్రహం మీద ఆవిడ ఆశ్రమం. గాలీ నీరూ లేని బూడిదనేల. దాని మీద బోర్లించిన గిన్నెలాంటి ఒక ఇల్లు, కాస్త దూరంలో ఒక స్తంభం, స్తంభం మీద దీపం. దారి తప్పిన ఓడలు ఆ దీపాన్ని చూసే దిక్కు తెలుసుకునేవి. ఏకాంతమ్మగారు అక్కడికి వచ్చినప్పటి నుంచి అది ఆరింది లేదు.

ఆశ్రమంలో ఒక ఆచారం ఉంది. గురువుగారిని ప్రశ్న అడగాలంటే, ముందు వెళ్ళి ఆ దీపం అద్దం తుడిచి రావాలి. చిట్టిగుండు దుమ్ము జిగురులా అంటుకుంటుంది మరి. సగంమందికి తుడుస్తుండగానే జవాబు దొరికేది. నేనూ ఆవిడ శిష్యుణ్ణే. ధ్యానంలో నా అంత లోతుకు దిగినవాడు ఆ ఆశ్రమంలోనే లేడు. గురక పెడుతున్నానని గిట్టనివాళ్ళు అన్నారు.

మేం వెళ్ళేసరికి ఏకాంతమ్మగారు జొన్నరొట్టెలు వడ్డిస్తున్నారు. తినేది ఎవరు? ఒక తోకచుక్కల మనిషి! జాలమ్మ అని, ఒక ఓడకు పెద్ద. చేతులు చూస్తే మంచు తవ్వి తవ్వి గరుకెక్కిపోయాయి. గోంగూర పచ్చడి ఇంకాస్త వెయ్యమని గిన్నె చాపుతోంది.

అక్కిరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అమ్మా, ఈవిడ ఇక్కడెందుకుంది?"

"ఆకలేసి," అన్నారు ఏకాంతమ్మగారు. "కూర్చో నాయనా. నీకూ రెండు రొట్టెలున్నాయి."

అక్కిరాజు కూర్చోలేదు. జాలమ్మ వైపు తిరిగాడు. "మీ ఓడలన్నీ మా గుమ్మం ముందు ఎందుకు చేరాయి? ఎవరి మీదికి తోలుదామని?"

"ఓడలు కారుతున్నాయి సేనాపతిగారూ, గాలి నిలవడం లేదు," అంది జాలమ్మ రొట్టె తుంచుతూ. "అతుకు మీద అతుకు వేశాం. ఇక అతుకెయ్యడానికి కూడా చోటు లేదు. బాగుచేసుకోవడానికి రేవు ఇవ్వమని అడుగుదామని వచ్చాం. అడగడానికి గుంపుగా రాక, ఒక్కోటీ విడివిడిగా వెళ్ళి చావాలా?"

"కష్టంలో ఉన్నవాడే ముందు కత్తి దూస్తాడు."

"మీ గ్రహాల మీద అలా నేర్పుతారా? మా దగ్గర కష్టంలో ఉన్నవాడు ముందు చెయ్యి చాపుతాడు." పచ్చడి గిన్నె మళ్ళీ చాపింది. "ఇదిగో, ఇలాగ."

నాకు నవ్వొచ్చింది. అక్కిరాజు చూసిన చూపుకు ఆ నవ్వును దగ్గులోకి మార్చేశాను. ఆ విద్యలో కూడా నన్ను మించినవాడు లేడు.

జాలమ్మ చెయ్యి కడుక్కుని లేచింది. గురువుగారికి దండం పెట్టి, అక్కిరాజు పక్కనుంచే నడిచి, సూట్ తొడుక్కుని తన ఓడకు వెళ్ళిపోయింది. ఆ ఓడ దీపస్తంభానికి అవతల ఆగి ఉంది. సొట్టలు పడ్డ పాత బిందెలా ఉంటుంది చూడ్డానికి.

అప్పుడు అక్కిరాజు గురువుగారి ముందు కూర్చున్నాడు.

"అమ్మా, నా బుద్ధికి రెండు సూత్రాలు తోచాయి. ఒకటి, పరాయివాడికి మన తలుపు తెరుచుకోకూడదు. రెండు, మన కష్టం పరాయివాడికి తెలియకూడదు. ఈ రెండూ ఉంటే మన గ్రహాలకు ఢోకా లేదు. మీరు ఆశీర్వదిస్తే రేపు సభలో ఇదే చెబుతాను."

ఏకాంతమ్మగారు పీట తుడుస్తున్నారు. "నా ఇల్లు కూడా ఓ చిన్న గ్రహమే కదా నాయనా. ముందు దీనికి కట్టి చూపించు నీ కోట."

అక్కిరాజు ముఖం వెలిగిపోయింది. ఓడలోంచి తన పెట్టె తెప్పించుకున్నాడు. మోసింది నేనే. ఏనుగంత బరువు. చిటికెన వేలితో తెచ్చాను. చిట్టిగుండు మీద బరువులు తేలిగ్గా ఉంటాయని కొందరంటారు. ఉంటే ఉండొచ్చు.

ముందు ఆశ్రమం రేడియో పట్టాడు. మనవాళ్ళ సూట్లకు తప్ప ఇంకెవరికీ వినపడకుండా దాన్ని గుప్తభాషలోకి మార్చాడు. తర్వాత తలుపు దగ్గరికి వెళ్ళాడు. దానికో పెద్ద ఇనుప పిడి ఉండేది. ఎవరొచ్చి పట్టుకు లాగినా తెరుచుకునేది. ఆ పిడి ఊడబీకి, లోపలా బయటా నున్నటి గాజుపలకలు బిగించాడు.

"ఇక మీద నా అరచెయ్యి ఆనితేనే ఈ తలుపు తెరుచుకుంటుంది. విశ్వంలో ఇంకెవరి చెయ్యి పెట్టినా కదలదు. లోపలి నుంచైనా సరే, బయటి నుంచైనా సరే."

"లోపల ఉండేది మేమే కదా," అన్నారు ఏకాంతమ్మగారు.

"లోపలి మనిషే జాలిపడి తలుపు తీస్తే, అమ్మా? కోటలన్నీ అలాగే కూలాయి."

ఆవిడ తలుపును పైనుంచి కిందిదాకా చూశారు.

"ఇప్పుడు చెప్పండమ్మా. గ్రహాల్ని కాపాడే పద్ధతి ఇదేనా?"

"ప్రశ్న అడిగావు," అన్నారు ఆవిడ. దండెం మీంచి గుడ్డ తీసి ఆయన చేతిలో పెట్టారు. "దీపం తుడిచి రా."

సేనాపతి అయితే ఏం, ఆచారం ఆచారమే. అక్కిరాజు సూట్ వేసుకున్నాడు. దీపం దాకా వెళ్ళి రావడానికి సరిపోయే చిన్న సిలిండర్ తగిలించుకున్నాడు. అరచెయ్యి పలకకు ఆనించి, తలుపు ముందరి చిన్న గదిలో గాలి ఖాళీ అయ్యేలోగా గ్లౌజులు తొడుక్కుని, బయటికి నడిచాడు. ఆయన వెనకాల తలుపు మెత్తగా మూసుకుంది. ఆ చప్పుడు విని నేనే మెచ్చుకున్నాను.

కాసేపటికి రేడియోలో గొంతు వినిపించింది.

"సగం తుడిచానమ్మా. సిలిండర్ ముల్లు తొందరగా పడిపోతోంది. ఎక్కడో కారుతున్నట్టుంది. లోపలికొచ్చి మార్చుకుని వెళతాను."

"రా నాయనా."

కిటికీలోంచి చూస్తున్నాను. అక్కిరాజు తలుపు దాకా వచ్చాడు. చెయ్యెత్తి పలకకు ఆనించాడు. తలుపు కదల్లేదు. మళ్ళీ ఆనించాడు. గుద్దాడు. తర్వాత తన చేతిని తిప్పి తిప్పి చూసుకుంటూ నిలబడిపోయాడు.

చేతికి గ్లౌజు ఉంది. గాలి లేనిచోట గ్లౌజు విప్పితే మనిషి బతకడు. విప్పకపోతే తలుపు తెరుచుకోదు. ప్రపంచంలో ఉన్న దొంగల్నందరినీ తలుచుకుంటూ బిగించిన తాళం. ఇంటికొచ్చే తనను తలుచుకోలేదు.

"నూకరాజూ! లోపలి నుంచి తియ్యి!"

"మీ అరచెయ్యి లేదండీ నా దగ్గర!"

అలా అన్నానే గానీ ఊరుకున్నానా? వెనక్కి పరిగెత్తి వచ్చి భుజంతో కొట్టాను. తలుపు జానెడు వంగింది. ఇప్పుడు వెళ్ళి చూస్తే తిన్నగానే కనిపిస్తుంది. తర్వాత నేనే వెనక్కి వంచాను లెండి. పలక మీద సుత్తితో కొడితే సుత్తి విరిగింది, పలకకు గీత కూడా పడలేదు. పని మాత్రం గట్టిగా చేశాడు మహానుభావుడు. ఆయన మా ఓడలోకి వెళదామన్నా దాని తాళంచెవి లోపల నా జేబులో ఉంది. పరాయివాళ్ళకు దొరక్కూడదని ఆయనే దాచమన్నాడు.

ఏకాంతమ్మగారు రేడియో దగ్గరికి వచ్చారు. గొంతులో తొందర లేదు.

"నాయనా, ఎదురుగా జాలమ్మ ఓడ ఉంది కదా."

అక్కిరాజు పలక మీంచి చెయ్యి తీశాడు.

"శత్రువు తలుపు తట్టమంటారా అమ్మా?"

"తట్టక్కర్లేదు. దానికి గడియ లేదు."

అక్కిరాజు అటు చూశాడు. అటే నడిచాడు. దీపస్తంభం దాకా వెళ్ళి అక్కడే కూలబడ్డాడు. ముల్లు ఎక్కడికి వచ్చిందో నాకు కనపడలేదు గానీ, ఆయన కూర్చున్న తీరులోనే తెలిసింది. జాలమ్మను పిలుద్దామని రేడియో పట్టుకుని గొంతు చించుకున్నాను. నా కేక వింటే ఎర్రమెట్ట కొండలు రెండుగా చీలేవి. ఆవిడకు మాత్రం ఒక్క ముక్క వినపడలేదు. గుప్తభాష కదా!

అప్పుడు ఏకాంతమ్మగారు గోడ దగ్గరికి నడిచి, ఇన్నేళ్ళలో ఎవరూ ముట్టుకోని స్విచ్చు మీద వేలు పెట్టారు.

దీపం ఆరిపోయింది.

బయట అక్కిరాజుకు ఆ కాస్త గాలిలోనే కోపం వచ్చింది.

"అమ్మా! ఆర్పారేమిటి? మనం ఆపదలో ఉన్నామని వాళ్ళకు తెలిసిపోతుంది!"

"తెలియాలనే, నాయనా."

ఓ క్షణం ఏమీ జరగలేదు. తర్వాత ఆ సొట్టబిందె ఓడ తలుపు తెరుచుకుంది. సూట్ పట్టీలు సరిగ్గా బిగించుకోకుండానే ఒక మనిషి దూకింది. చేతిలో పొడవాటి కొక్కెం. మంచుగడ్డల్ని పట్టి లాగే కొక్కెం అది. దుమ్ము లేపుకుంటూ తిన్నగా అక్కిరాజు మీదికి పరిగెత్తుకొచ్చింది.

అక్కిరాజు దీపం తుడిచే గుడ్డను కత్తిలా పట్టుకుని లేవబోయాడు. లేవలేకపోయాడు.

జాలమ్మ కొక్కెంతో ఆయన నడుంపట్టీ పట్టి దగ్గరికి లాక్కుంది. తన సిలిండర్ గొట్టంలో ఒక పాయ తీసి ఆయన సూట్‌కు తగిలించింది. తర్వాత తన హెల్మెట్‌ను ఆయన హెల్మెట్‌కు ఆనించింది. రేడియో లేనప్పుడు తోకచుక్కల వాళ్ళు మాట్లాడుకునే పద్ధతి అదే. గాజుకు గాజు ఆనితే మాట వినపడుతుంది. అక్కిరాజు రేడియోలోంచి మాకూ వినపడింది.

"దీపం తుడవమంటే ఆర్పేశావా, సేనాపతీ?"

అక్కిరాజు గాలి పీల్చుకుంటున్నాడు. ఆవిడ గాలి.

తన ఓడ దాకా ఈడ్చుకుంటూ నడిపించింది. అక్కడ ఏం జరిగిందో జాలమ్మే తర్వాత నాకు చెప్పింది. నేను పెంచి చెబుతున్నది ఏమీ లేదు.

ఓడ తలుపుకో పిడి ఉంది. మేకచర్మం గ్లౌజు వేసుకున్నవాడైనా, ఇనుప గ్లౌజు వేసుకున్నవాడైనా, చలికి వేళ్ళు కొంకర్లు పోయినవాడైనా పట్టుకోగలిగినంత లావు పిడి. ఎన్ని చేతులు పట్టాయో, అరిగి మెరుస్తోంది. లోపలికి వెళ్ళి హెల్మెట్ తీశాక కూడా అక్కిరాజు ఆ పిడినే చూస్తున్నాడట.

"మీ తలుపు ఎవరైనా తియ్యొచ్చా?"

"తియ్యాలనే కదా పెట్టింది. బయట ఊపిరాడనివాడు నిలబడి ఉంటే, నీ పేరేమిటి, ఊరేమిటి అని అడుగుతూ కూర్చుంటామా?"

"దొంగ వస్తే?"

"ఒకసారి వచ్చాడు," అంది జాలమ్మ. "తర్వాత వాణ్ణే పెళ్ళి చేసుకున్నాను. అదిగో, ఆ మూల పప్పు తిరగమోత పెడుతున్నాడే, వాడే. నీళ్ళు తాగుతావా? బూట్లు మాత్రం అక్కడే విప్పు, తుడిచిందే ఇప్పుడు."

అక్కిరాజు బూట్లు విప్పాడు. నీళ్ళు తాగాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. లోపల మేమున్నాం. మా తలుపు తెరవాలంటే ఆయన అరచెయ్యి కావాలి. ఆ అరచెయ్యి బయట పెట్టాలంటే అక్కడ గాలి కావాలి.

ఆ మాటే జాలమ్మతో చెప్పాడు. ఆవిడ ఆయన వంక వింతగా చూసింది.

"ఇంట్లోవాళ్ళను ఇంట్లోనే పెట్టి తాళం వేశావా?"

"అవును."

"నువ్వే?"

"నేనే అక్కా."

ఆ 'అక్కా' అన్న మాట తన నోట్లోంచి ఎప్పుడు వచ్చిందో ఆయనకే తెలియదట.

తోకచుక్కల ఓడలకు ముందు భాగంలో ఏనుగు తొండంలాంటి మెత్తటి గొట్టం ఉంటుంది. పగిలిన ఓడకు దాన్ని అంటించి, గాలి నింపి, లోపలివాళ్ళను తెచ్చుకుంటారు. జాలమ్మ ఓడను కదిలించి, ఆ గొట్టం మూతిని మా తలుపుకు అంటించింది. గాలి వదలబోయి ఒక్కసారి ఆగి, మొగుడి వైపు చూసింది. ఆయన తల ఊపాడు.

అక్కిరాజు ఆ చూపు పట్టుకున్నాడు. "ఏమిటి?"

"ఏం లేదు. మా పిల్లల గాలి వాటాలోంచి ఇది. ఓడలు కారుతున్నాయని చెప్పాను కదా పొద్దున్న."

"మరి మీకు?"

"రేవు ఇస్తే అక్కడ నింపుకుంటాం. ఇవ్వకపోతే అప్పుడు చూసుకుంటాం. ముందు నీ చెయ్యి పెట్టు."

గొట్టం నిండింది. అక్కిరాజు గ్లౌజు విప్పి అరచెయ్యి పలకకు ఆనించాడు. తలుపు తెరుచుకుంది. నేను మొదటి గెంతులోనే బయటపడి జాలమ్మ కాళ్ళ మీద పడ్డాను. భయంతో కాదు, మర్యాద కోసం.

ఏకాంతమ్మగారు ముందు వెళ్ళి దీపం స్విచ్చు వేశారు. తర్వాత శిష్యుడి వైపు చూశారు.

"తుడిచావా నాయనా?"

"సగమేనమ్మా."

ఆవిడ చూపు ఆయన చేతిలోని గుడ్డ మీదికి వెళ్ళింది. అక్కిరాజు తల వంచుకున్నాడు. స్క్రూడ్రైవర్ తెచ్చి, పలకలు రెండూ ఊడదీశాడు. రేడియో గుప్తభాషను తీసేశాడు. పాత పిడిని తెచ్చి మొదటి చోటే బిగించాడు. గ్లౌజు తొడుక్కుని పట్టుకుని చూశాడు. చాల్లేదనిపించిందేమో, జాలమ్మను అడిగి ఇంకో లావుపాటి పిడి తెచ్చి బిగించాడు. గాలి సిలిండర్లు ఆశ్రమంలో ఉన్నవాటిలో సగం, మా ఓడలో ఉన్నవాటిలో సగం తనే భుజాన మోసుకెళ్ళి జాలమ్మ ఓడలో పెట్టాడు. సాయం చేస్తానంటే నన్ను రానివ్వలేదు. ఆ తర్వాత కొత్త సిలిండర్ తగిలించుకుని వెళ్ళి, మిగిలిన సగం అద్దం తుడిచి వచ్చాడు. ఆ దీపం అంత వెలుగు వెలగడం నేనెన్నడూ చూడలేదు. ఎర్రమెట్ట మీద కోళ్ళు తెల్లారిందనుకుని కూశాయి.

మర్నాటి సంగతి ముందే చెప్పేస్తాను. మళ్ళీ మర్చిపోతాను. సభకు అక్కిరాజుతో పాటు జాలమ్మ కూడా వెళ్ళింది. ఓడ నడిపింది నేనే, వెలుగు కంటే కాస్త ముందే చేర్చాను. సభలో అరుపులూ కేకలూ అయ్యాయి. అక్కిరాజును పిచ్చివాడన్నారు. కానీ రేవు ఇచ్చారు. ఇవాళ మీరు మూడు గ్రహాల చుట్టూ తిరిగి చూడండి. గోడలూ లేవు, ఫిరంగులూ లేవు. చిన్న చిన్న గాలి ఇళ్ళు, ప్రతి ఇంటి మీదా దీపం, ప్రతి తలుపుకూ లావుపాటి పిడి. ఏ దీపం ఆరినా, దగ్గరున్న ఓడ ఎవరిదైనా సరే ముందు అటు తిరుగుతుంది. నీలిమడుగు మీదికి ఓ పెద్ద బండ దూసుకొచ్చిన ఏడాది, అక్కడి దీపాలన్నీ ఒక్కసారే ఆర్పేశారు. ఆ బండకు కొక్కేలు వేసి పక్కకు తోలింది ఎవరో వేరే చెప్పాలా? నేనూ ఒక కొక్కెం పట్టుకున్నాను. అసలు బండ కదిలింది నా వైపు నుంచే.

అదంతా తర్వాత. ఆ రోజు మేం బయల్దేరుతున్నప్పుడు అక్కిరాజు గుమ్మంలో ఆగాడు. సూట్ వేసుకున్నాడు గానీ హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది.

"అమ్మా, దీపం తుడిచాను. ఇప్పుడు అడుగుతున్నాను. రేపు సభలో ఏం చెప్పమంటారు?"

ఏకాంతమ్మగారు జొన్నపిండి కలుపుతున్నారు. రాత్రికి ఎవరొస్తారో ఏమో, ఎప్పటిలాగే కాస్త ఎక్కువే కలుపుతున్నారు. తల ఎత్తలేదు.

"వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరగా వేసి వెళ్ళు నాయనా," అన్నారు. "గడియ పెట్టకు."